రోజు అద్దె ఇంటికి ఒక నంబరు ఇవ్వండి

సంపాదకుడికి,

అయ్యా,

కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో రోజు అద్దె ఫ్లాట్ల మీద గొడవలు, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌ల మీద దాడులు, పుణ్యక్షేత్రాల్లో ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి వెళ్తే ఆ చిరునామాలో బసే లేదన్న ఫిర్యాదులు. ఇలాంటి వార్తల చివర ‘ఎలాంటి అనుమతులూ లేవని తేలింది’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. ఏ అనుమతి లేదో, అది ఏ ఆఫీసు ఇవ్వాలో మాత్రం రాయరు. రాయడం కష్టం కూడా. తాళం ఇచ్చేసి యజమాని వెళ్లిపోయే ఫ్లాటు విషయంలో పోలీసుల దగ్గర ఒక ముక్క, విద్యుత్తు శాఖ దగ్గర ఒక ముక్క, మున్సిపాలిటీ దగ్గర, జీఎస్టీ వాళ్ల దగ్గర తలో ముక్క ఉన్నాయి. ఈ ముక్కలన్నిటినీ కలిపే నంబరు ఒకటి ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతూ ఈ లేఖ. అది వచ్చేలోపు ఇల్లు ఇచ్చేవాళ్లు ఎక్కడెక్కడ దొరికిపోతున్నారో కూడా చెప్పాలి.

ముందు రెండు రకాలను విడదీసి చూడాలి. యజమాని కుటుంబం కింద కాపురముంటూ పైన రెండు గదులు అతిథులకు ఇవ్వడం ఒకటి. దీనికి దారి ఉంది. కేంద్ర పర్యాటక శాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే’ పథకంలో ఒకటి నుంచి 6 గదులు, గరిష్ఠంగా 12 పడకలు ఉన్న ఇంటికి ‘నిధి’ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుంటే గోల్డ్ లేదా సిల్వర్ వర్గీకరణ ఇస్తారు. మెలిక ఒక్కటే. యజమాని కుటుంబంతో అదే ఇంట్లో ఉండాలి. ఇక రెండో రకానికి తలుపు పక్కన నంబర్ల తాళం డబ్బా, వాట్సాప్‌లో దాని కోడు, ఎప్పుడైనా వచ్చి దుప్పట్లు మార్చే కుర్రాడు ఉంటే చాలు, యజమాని డాలస్‌లో ఉన్నా వ్యాపారం నడుస్తుంది. ఐటీ కారిడార్‌లో పక్కింటివాళ్ల ఫిర్యాదులన్నీ ఈ రకం మీదే. మొదటి రకానికి రాసిన హోమ్‌స్టే నిబంధనలను దీనికి తొడిగితే పట్టవు. పట్టడం లేదు కాబట్టి అందరూ ‘హోమ్‌స్టే’ అన్న బోర్డు కిందే దాక్కుంటున్నారు.

ఈ ఫ్లాట్లలో చాలావాటిని నడిపేది యజమానులు కాదు. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని నెల అద్దెకు తీసుకున్నవాళ్లే వాటిని రోజువారీ తిప్పుతున్నారు. ‘నా అనుమతి లేకుండా ఎలా ఇస్తాడు’ అని యజమాని అడుగుతాడు. అగ్రిమెంటులో నిషేధం రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108(జె) కింద అద్దెదారు తన హక్కును సబ్‌లీజుకు ఇవ్వొచ్చు. స్టాంపు పేపర్ల దుకాణంలో టైపు చేయించే నమూనాల్లో ‘నివాసానికి మాత్రమే’ అని ఉంటుంది తప్ప సబ్‌లీజు ఊసు చాలాసార్లు ఉండదు. అక్కడ ఒక వాక్యం చేర్పించుకోవాలి: యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిని గానీ, అందులో ఒక గదిని గానీ రోజు, వారం లెక్కన ఇతరులకు ఇవ్వకూడదు, ఏ వెబ్‌సైటులో, సామాజిక మాధ్యమంలో ప్రకటన పెట్టకూడదు, పెడితే 15 రోజుల నోటీసుతో ఒప్పందం రద్దు. ఇది రాసుకోని యజమానికి అసలు తలనొప్పి పోలీసులు తలుపు తట్టినప్పుడు మొదలవుతుంది. మాదకద్రవ్యాల చట్టం 25వ సెక్షన్ తెలిసి ఇల్లు వాడనిచ్చిన యజమానినీ, అక్కడ ఉంటున్నవాడినీ ఇద్దరినీ పట్టుకుంటుంది. ‘నాకు తెలియదు’ అని నిరూపించుకోవడానికి చేతిలో ఉండే కాగితం ఆ అగ్రిమెంటే. యజమాని అద్దెదారును చూపిస్తాడు, అద్దెదారు బుకింగ్ సంస్థను చూపిస్తాడు, సంస్థ ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అంటుంది. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం.

పోలీసులకు సంబంధించి ఎక్కువమంది తప్పేది విదేశీయుల వివరాల దగ్గర. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మనిషికి బస ఇచ్చిన ప్రతి ఒక్కరూ 24 గంటల్లోపు విదేశీయుల నమోదు పోర్టల్‌లో వివరాలు పంపాలి. 1939, 1946 నాటి చట్టాల స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చినా, ఈ వివరాలు పంపే ఫారం జనం నోట్లో ఇప్పటికీ ‘ఫారం-సి’యే. స్టార్ హోటలుకు, రెండు గదుల ఇంటికి తేడా లేదు. ఇందులో ముందుగా చేయాల్సింది లాగిన్ తీసుకోవడం. ఇంటి కాగితాలు, యజమాని గుర్తింపు పత్రం జతచేసి దరఖాస్తు పెడితే హైదరాబాద్‌లో విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం, జిల్లాల్లో ఎస్పీ కార్యాలయంలోని నమోదు అధికారి ఆమోదిస్తారు. రాత్రి పది గంటలకు విదేశీయుడు సూట్‌కేసుతో దిగాక లాగిన్‌కు దరఖాస్తు పెట్టేవాళ్లు ఉన్నారు. అప్పటికి ఆమోదం రాదు, 24 గంటలు దాటిపోతాయి. ఇంటిని ప్రకటనలో పెట్టకముందే లాగిన్ చేతిలో ఉండాలి.

రెండో తప్పు మన తెలుగువాళ్ల దగ్గరే. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పెళ్లికి వచ్చి మూడు రోజులు ఫ్లాటు తీసుకుంటాడు. పేరు మన పేరు, మాట మన మాట, జేబులో పాత ఆంధ్రా డ్రైవింగ్ లైసెన్సు. హోస్టు, అంటే బస ఇచ్చేవాడు, దాని ఫొటో తీసుకుని ఊరుకుంటాడు. భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు, ఆ మనిషి చట్టం దృష్టిలో విదేశీయుడే. కాబట్టి బుకింగ్ సమయంలోనే ‘మీలో ఎవరిదైనా విదేశీ పాస్‌పోర్టా’ అని సూటిగా అడగాలి. పిల్లలకు కూడా విడిగా ఎంట్రీ ఉండాలి. తల్లిదండ్రులు ఇండియన్ పాస్‌పోర్టు మీద ఉండి, అక్కడ పుట్టిన పిల్లవాడిది అమెరికా పాస్‌పోర్టయితే ఆ ఒక్క పిల్లవాడికి ఫారం వెళ్లాలి. ఇది దాదాపు ఎవరికీ తట్టదు.

గడులు నింపేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని. ఇంటిపేరు, పేరు తారుమారవుతాయి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల యంత్రాక్షరాలు ఉంటాయి, అక్కడ ముందు వచ్చేది ఇంటిపేరు, రెండు బాణం గుర్తుల తర్వాత వచ్చేది పేరు. దాన్ని చూసి నింపితే తప్పు జరగదు. వీసా నంబరు గడిలో ఈ-వీసా దరఖాస్తు నంబరు వేస్తారు. ఇండియాలో దిగిన తేదీ, మీ ఇంటికి వచ్చిన తేదీ రెండూ ఒకటే అనుకుంటారు. అతిథి మధ్యలో హంపి వెళ్లి రెండు రోజులకు తిరిగొస్తే మళ్లీ కొత్త ఎంట్రీ కావాలి. వెళ్లిపోయిన వివరం కూడా నమోదు చేయాలి. చేయకపోతే రికార్డుల్లో ఆ మనిషి ఇంకా మీ ఇంట్లోనే ఉన్నట్టు.

మనదేశం వాళ్ల విషయంలో బుక్ చేసిన ఒక్కరి గుర్తింపు పత్రంతో సరిపెట్టకుండా, ఉండబోయే పెద్దవాళ్లందరివీ చూడాలి. రిజిస్టరులో పేరు, శాశ్వత చిరునామా, ఫోను, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు, బండి నంబరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, సంతకం ఉండాలి. ఆధారే కావాలని పట్టుబట్టనక్కర్లేదు, ఓటరు కార్డు, లైసెన్సు, పాస్‌పోర్టు చాలు. ఆధార్ ఇస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ తీసుకోండి. దుప్పట్లు మార్చే కుర్రాడి ఫోను గ్యాలరీలో వందల కుటుంబాల ఆధార్ కార్డులు పడి ఉండటం ఇప్పటి పరిస్థితి. వాడు పని మానేస్తే అవీ వాడితో పోతాయి. కెమెరా గుమ్మం బయట, మెట్ల దగ్గర మాత్రమే ఉండాలి, ఆ సంగతి ప్రకటనలో రాయాలి. గది లోపల కెమెరా పెట్టి ‘భద్రత కోసం’ అంటే కుదరదు, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఉంది.

ఇక పన్నులు. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటని హోస్టుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ 20 లక్షల్లో ఈ ఫ్లాటు ఒక్కటే కాదు, అదే పాన్ మీద వచ్చే దుకాణం అద్దె, ఇతర వ్యాపారం అన్నీ కలుస్తాయి. రిజిస్ట్రేషన్ అవసరం లేని హోస్టు ఎయిర్‌బీఎన్‌బీ లాంటి ఆన్‌లైన్ బుకింగ్ వేదిక ద్వారా ఇస్తే జీఎస్టీ చట్టం 9(5) కింద ఆ పన్ను కట్టే బాధ్యత వేదికదే. పరిమితి దాటితే రిజిస్టరై మీరే కట్టాలి, అప్పుడు వేదిక మీ డబ్బులోంచి అర శాతం టీసీఎస్ (వేదిక ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. ఇక్కడే కొందరు రెండుసార్లు కడుతున్నారు, కొందరు అసలు కట్టడం లేదు. కారణం ఒకటే, రిజిస్ట్రేషన్ తీసుకున్నాక వేదికలో తమ జీఎస్టీ నంబరు ఎక్కించకపోవడం. పోర్టల్‌లో నంబరు వచ్చిన రోజే వేదికలోని పన్ను వివరాల పేజీలోనూ నమోదు చేయాలి.

రేటు విషయానికొస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు యూనిట్ 7,500 రూపాయల వరకు 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మినహాయించుకునే వీలు) లేదు. ఆ పైన 18 శాతం. వెయ్యి లోపు గదులకు ఉన్న మినహాయింపు 2022 జులైలోనే పోయింది, కానీ చిన్న ఊళ్లలో ఇంకా ఉందనుకునేవాళ్లే ఎక్కువ. మూడు గదుల విల్లాను ఒకే యూనిట్‌గా 12,000కు పెడితే 18 శాతం రేటులో పడతారు. గదుల వారీగా ఒక్కోటి 4,000కు ఇస్తే 5 శాతం. అద్దెకు తీసుకుని తిప్పేవాళ్లకు ఇంకో గండం ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి నివాస గృహాన్ని వ్యాపారం కోసం అద్దెకు తీసుకుంటే యజమానికి ఇచ్చే అద్దె మీద 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జి కింద, అంటే యజమానికి బదులు, తనే కట్టాలి. అతిథి దగ్గర వసూలు చేసేది 5 శాతం, క్రెడిట్ లేదు కాబట్టి ఈ 18 శాతం నికరంగా ఖర్చే. నెలకు 40,000 అద్దె మీద 7,200. లాభం లెక్క వేసుకునేటప్పుడు ఈ వరుస రాసుకోనివాళ్లే ఏడాది తిరిగేసరికి ఫ్లాటు ఖాళీ చేసి వెళ్తున్నారు.

ఆదాయపు పన్ను కింద వేదిక ముందే పట్టుకునే టీడీఎస్ 2024 అక్టోబరు నుంచి 0.1 శాతానికి తగ్గింది. వ్యక్తులకు, పాన్ ఇచ్చి ఉంటే, ఏడాదికి 5 లక్షల వరకు అదీ లేదు. రిటర్నులో దీన్ని మామూలు ఇంటి అద్దెలా చూపి 30 శాతం తగ్గింపు తీసుకోవడం చాలామంది చేసే పని. పరుపులు, శుభ్రత, వైఫై, టిఫిన్ అన్నీ కలిపి రోజు లెక్కన ఇచ్చేదాన్ని అధికారులు వ్యాపార ఆదాయంగానే చూసే అవకాశం ఎక్కువ. అప్పుడు అసలు ఖర్చుల బిల్లులు అడుగుతారు, అవి దాచి ఉండాలి. మొత్తం మీద పరిస్థితి ఎలా ఉందంటే, 5 లక్షలు దాటిన ఫ్లాటు ఎంత సంపాదిస్తోందో ఢిల్లీలో ఆదాయపు పన్ను శాఖకు తెలుస్తుంది, అలాంటి ఫ్లాటు ఒకటి ఉందనే సంగతి పక్క వీధి పోలీస్ స్టేషనుకు తెలియదు.

విద్యుత్తు మీటరు దగ్గర నష్టం నిశ్శబ్దంగా జరుగుతుంది. గృహ కనెక్షన్ ఎల్‌టీ-1, వ్యాపారానిది ఎల్‌టీ-2. మంజూరైన అవసరానికి కాక వేరే పనికి వాడితే 2003 విద్యుత్తు చట్టం 126వ సెక్షన్ కింద వర్తించే రేటుకు రెట్టింపు వేస్తారు, ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలలకు లెక్కకడతారు. తానుంటున్న ఇంట్లో రెండు గదులిచ్చే విశ్రాంత ఉపాధ్యాయుడికి, పది ఫ్లాట్లు తిప్పే వ్యాపారికి ఒకే సెక్షన్ చూపడం న్యాయం కాదు. యజమాని నివసించే హోమ్‌స్టేకు గృహ కేటగిరీయేనని టారిఫ్ ఉత్తర్వుల్లో ఒక్క వాక్యం రాయమని రెండు రాష్ట్రాల విద్యుత్తు నియంత్రణ మండళ్లను కోరుతున్నాం. అంతవరకు వినియోగం మారిందని మీరే రాసిచ్చి రసీదు ఉంచుకోవడం మంచిది. ఆస్తి పన్నులో నివాసం, నివాసేతరం తేడా, వంట చేసి పెడితే ఆహార భద్రత నమోదు, ఫామ్‌హౌస్‌లో మందు పోస్తే ఎక్సైజ్ ఈవెంట్ పర్మిట్ తెలిసిన సంగతులే, వాటి జోలికి ఇక్కడ పోను.

భద్రత గురించి మాత్రం ఆగి చెప్పాలి. మన ఫ్లాట్లలో కిటికీలకు ఇనుప గ్రిల్లు గోడలోకి వెల్డింగ్ చేసి ఉంటుంది. ఇంట్లోవాళ్లకు తాళాలెక్కడున్నాయో తెలుసు, రాత్రి తెలియని ఇంట్లో పడుకున్నవాడికి పొగలో తలుపు కూడా కనపడదు. కనీసం ఒక పడకగది గ్రిల్లుకు లోపలి నుంచి తాళం లేకుండా తెరుచుకునే రెక్క పెట్టించాలి. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే తీసేయండి. వాసన రాని కార్బన్ మోనాక్సైడ్ మూసిన గదిలో నిమిషాల్లో మనిషిని పడగొడుతుంది. కరెంటు గీజరు పెట్టి, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) వేయించండి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. 14.2 కిలోల ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడకూడదు. అతిథి వంటగదిలో ఇండక్షన్ పొయ్యి పెడితే ఆ గొడవా ఉండదు, ప్రమాదమూ తగ్గుతుంది. ఏబీసీ పౌడరు అగ్నిమాపక సిలిండరు గుమ్మం దగ్గర ఉండాలి, వంటగది లోపల కాదు. మంట అక్కడే లేస్తే దాని దగ్గరికి వెళ్లలేరు.

ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతాల, సంగతి వేరు. అరకు, లంబసింగి, మారేడుమిల్లి వైపు మంచు చూడటానికి జనం వెళ్తున్నారని మైదాన ప్రాంతం వాళ్లు గిరిజనుల దగ్గర స్థలం లీజుకు తీసుకుని గుడారాలు, కాటేజీలు వేస్తున్నారు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనల్లో, 1970 సవరణతో కలిపి, జనం 1/70 అనే చట్టంలో, ‘బదలాయింపు’ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, ఒప్పందం అన్నీ వస్తాయి. గిరిజనేతరుడి పేరు మీద ఆ లీజు చెల్లదు. నోటరీ చేయించినా చెల్లదు. పెట్టుబడి పోయాక ఏ కోర్టుకు వెళ్లినా నిలవదు. అక్కడ హోమ్‌స్టే అంటూ ఉంటే గిరిజన కుటుంబం తన ఇంట్లో తాను నడిపేదే అయి ఉండాలి. బయటివాళ్లు బుకింగ్, శిక్షణ లాంటి సేవలకు రుసుము తీసుకోవచ్చు, భూమి మీద హక్కు రాయించుకోకూడదు.

అపార్ట్‌మెంట్ సంఘాలకు ఒక మాట. వాట్సాప్ గ్రూపులో ‘రేపటి నుంచి ఎయిర్‌బీఎన్‌బీ బ్యాన్’ అని పెట్టిన మెసేజీ రేపు ఎక్కడా నిలబడదు. నోటీసు ఇచ్చి సర్వసభ్య సమావేశం పెట్టి, మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టరైందో ఆ పద్ధతిలో బైలా సవరించి దాఖలు చేయాలి. నీళ్లు ఆపడం, లిఫ్టు కార్డు లాక్కోవడం చేస్తే తప్పు మీ వైపు వస్తుంది. నిషేధం కంటే షరతులు బాగా పనిచేస్తాయి. అతిథుల పేర్లు ముందురోజే గేటుకు పంపాలి, గదికి ఇద్దరికి మించకూడదు, గంటలో రాగల మనిషి ఫోను నంబరు సెక్యూరిటీ దగ్గర ఉండాలి, రాత్రి పది దాటాక టెర్రస్, ఈతకొలను వాడకూడదు, జరిగిన నష్టం యజమాని నిర్వహణ బిల్లులో కలుస్తుంది.

ఇప్పుడు ప్రభుత్వాలను అడిగేది. ఇంటికొక నమోదు నంబరు ఇవ్వండి, ఆ నంబరు లేని ప్రకటనను ఏ వేదికా చూపకూడదని రూలు పెట్టండి. ఇది ఎక్కడా జరగని పనేం కాదు. గోవాలో 1982 నాటి పర్యాటక వ్యాపార నమోదు చట్టం కింద ఇళ్లూ రిజిస్టరవ్వాలి. స్పెయిన్‌లో 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో పెట్టే స్వల్పకాల బసలకు నంబరు తప్పనిసరి. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి ఇంకా గట్టిగా పట్టుకుంది. 30 రోజుల లోపు బసకు నమోదు ఉండాలి, హోస్టు అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. అంత బిగిస్తే ఏమైందో కూడా చూడాలి. ప్రకటనలు పెద్దఎత్తున 30 రోజుల అద్దెలకు మారిపోయాయి. మన దగ్గర అదే చేస్తే వ్యాపారం ఇన్‌స్టాగ్రామ్‌కు, వాట్సాప్ గ్రూపులకు పోతుంది, అక్కడ పన్ను పట్టుకునే వేదిక కూడా ఉండదు.

అందుకే నంబరు తేలిగ్గా దొరకాలి. భవనం నివాసానికి సిద్ధమని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెస్తేనే ఇస్తామంటే, అది లేని భవనాలు మన నగరాల్లో ఎన్నో అధికారులకే తెలుసు, ఒక్కరూ నమోదుకు రారు. యజమాని ఉండే ఇంటికి ఒక అక్షరం, ఉండని ఫ్లాటుకు ఇంకో అక్షరం నంబరు మొదట్లో ఉండాలి. రెండోదానికి స్థానిక బాధ్యుడి పేరు, అద్దెదారు నడుపుతుంటే యజమాని రాతపూర్వక సమ్మతి, ఫారం-సి లాగిన్, ఆర్‌సీసీబీ, తెరుచుకునే గ్రిల్లు ఫొటోలు అడగండి. స్వీయ ప్రకటన మీద వెంటనే తాత్కాలిక నంబరు, 60 రోజుల్లో తనిఖీ, ఆ గడువులో ఎవరూ రాకపోతే నంబరు ఖాయం. అదే నంబరు పోలీస్ స్టేషన్, డిస్కం (విద్యుత్తు పంపిణీ సంస్థ), మున్సిపాలిటీ తెరల మీద కనపడాలి. తిరుపతికో అరుణాచలానికో వెళ్లే యాత్రికుడు డబ్బు కట్టేముందు ఆ నంబరును ప్రభుత్వ సైటులో కొట్టి చూస్తే ఇంటి ఫొటో, వీధి పేరు, అనుమతించిన పడకలు వచ్చేలా పెట్టండి. అరుణాచలం తమిళనాడుది కనుక అక్కడి ప్రభుత్వంతో మాట్లాడాల్సింది మన పర్యాటక శాఖలే. పౌర్ణమికి అక్కడ గదుల కోసం తిరిగేవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు.

భవదీయుడు,
చిన్న బసల లెక్కలు, అనుమతుల కాగితాలు చూసే ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్,
హైదరాబాద్